గొంతు కింద నల్లమచ్చ

"గొంతు కింద తారు పూసినట్టు అంత మచ్చ ఉంటే కనపడట్లేదా నీకు?"

"ఫోటో మసగ్గా ఉందే."

"మసక ఫోటోలో ఉందా, నీ కళ్లలో ఉందా?"

గుమ్మం బయట చెప్పులు విప్పబోయినవాణ్ని అలాగే ఆగిపోయాను. లోపల మామయ్య, అత్త. మామయ్యకి ఊళ్లు తిప్పి చూపించే వ్యాను ఉంది. కాలేజీ మధ్యలో మానేసినప్పటి నుంచి అందులో సామాన్లు ఎక్కించేదీ దించేదీ నేనే. ప్రయాణికులు కిటికీలోంచి తీసిన పిట్టల ఫోటోలు తర్వాత ఆయనకి పంపి, ఇదేం పిట్టని అడుగుతారు. ఆయన చెప్తే అత్త ఫోన్లో కొట్టి పంపుతుంది. అందుకే అందరికీ ఆయన పిట్టల మామ.

ఒక్కలాగే కనపడే మట్టిరంగు పిట్టల్ని ముక్కు చూసి, తోక చూసి విడదీస్తాడు. రంగు మాత్రం నమ్మడు. ఎండ ఎలా ఆడిస్తే అలా ఆడుతుందట రంగు. అలాంటి మనిషి ఈవేళ, గొంతు కింది నల్లమచ్చ చూసి చంటిపిల్లలు కూడా గుర్తుపట్టే మగ పిచ్చుకని పట్టుకుని ఆడ గిజిగాడన్నాడు.

"ఈమధ్య ముక్కు ఎలా ఉంది, తోక ఎలా ఉంది అని నన్నే అడుగుతున్నావు. నాకు నేర్పుతున్నావనుకుని మురిసిపోయాను చూడు, నాదీ బుద్ధే!" అంది అత్త. "రేపు వ్యాను తియ్యకు. డాక్టర్ దగ్గరికి పద."

"వెళ్తే లైసెన్సు పీకుతారు. తర్వాత ఇంట్లో దిష్టిబొమ్మలా నిలబెడతావా నన్ను?"

"నిలబెడతా. నువ్వూ బతుకుతావు, ఎక్కినవాళ్లూ బతుకుతారు."

మొన్న సైకిలు మీద వెళ్తున్న ముసలాయన్ని వెంట్రుకవాసిలో తప్పించాం. నేను కేకేస్తే గానీ మామయ్య బ్రేకు తొక్కలేదు. బ్రేకులు పట్టట్లేదన్నాడు. మెకానిక్కు చక్రాలు ఊడదీసి చూసి, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అప్పుడు నాకు వెలగలేదు.

మామయ్య గోడ తడుముకుంటూ బయటికొచ్చాడు. ఎదురుగా నేను నిలబడే ఉన్నాను.

"ఎవరూ?" అన్నాడు.

"నేనే. మచ్చ దగ్గర్నుంచీ వింటున్నా."

మెట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను.

"నా మొహం కనపడుతోందా మామయ్యా?"

"చెవులు కనపడుతున్నాయి. మధ్యలో బొగ్గు రుద్దినట్టుందిరా."

"అయితే అత్త చెప్పింది నిజమే. రేపు వ్యాను తియ్యొద్దు."

లోపల అత్త ముక్కు చీదుకుంది. ఆయన తల అటు తిప్పి కాసేపు విన్నాడు. తర్వాత నా మోచెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"రేపు వెనక సామాన్ల దగ్గర కూర్చోకు. నా పక్కకి రా. రోడ్డు మీద మనిషి కనపడితే చెప్పు. మొన్నట్లా అరవకురా, బండిలో పిల్లలుంటారు, జడుసుకుంటారు. మెల్లిగా, నాకొక్కడికే వినపడేలా చెప్పు."