తెల్లసొన కేకు కొలతలు

మా వదిన కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాదే మా ఇంట్లోకి మొదటిసారి కోడిగుడ్డు వచ్చింది. నరసరావుపేటలో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంగువ నుంచి ఎలుకల మందు దాకా అన్నీ అమ్మాం గాని గుడ్లు ఎన్నడూ అమ్మలేదు. బిస్కెట్ ప్యాకెట్టు వెనక ఉండే చిన్న అక్షరాలు నాతో చదివించి, గుడ్డు కలిసిందంటే సరుకు తిప్పి పంపేది మా అమ్మ. ఆ కొట్లోనే పెరిగాను. పెళ్లై రెండు వీధుల అవతలికి వెళ్లినా, పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోకపోతే నాకు తోచదు.

వదిన మా అన్నయ్య భార్య. పుట్టిల్లు శావల్యాపురం. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేది. ఆ మిషను రక్తంలోని చెడుతోపాటు ఒంట్లోని బలం కూడా కొంత పట్టుకుపోతుంది. తిండితో దాన్ని పూడ్చాలి. ఆవిడేమో తినడం మానేసింది. డాక్టరు చీటీలో పండ్లు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పాలు తక్కువ, ఉప్పు లేదు. మిగిలిన తిండి చూస్తే మొహం తిప్పుకునేది. డాక్టరు నన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టి చెప్పాడు.

"తెల్లసొన పెట్టండి. పచ్చసొన వద్దు, అందులో భాస్వరం ఎక్కువ. ఇట్లాగే తినకుండా ఉంటే ఇంకొన్నాళ్లకు మిషను మీద కూర్చోబెట్టడానికి కూడా ఒళ్లు పనికిరాదు."

"పనీరు పెడతాం సార్," అన్నాను.

"వద్దు."

"పోనీ పప్పు, కాస్త పలచగా?"

"ఎక్కువ వద్దు."

"వేరుశెనగ పప్పులు నాలుగు..."

"అమ్మా, ఇది బేరం కాదు," అన్నాడు డాక్టరు. నాకు ఆ మాట బొత్తిగా అర్థం కాలేదు. బేరం కానిదంటూ ఒకటుంటుందని మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఉడకబెట్టిన తెల్లసొన ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని వదిన వాంతి చేసుకుంది. పుట్టి బుద్ధెరిగి వాసనైనా చూడని మనిషి. మర్నాడు మిరియాల పొడి చల్లి ఇచ్చాను. పళ్లెం పక్కకు నెట్టి, "అమ్మాయ్, నన్నింక వదిలెయ్," అంది.

దారి చూపింది వదిన స్నేహితురాలు. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆవిడ ఆస్ట్రేలియాలో ఒక వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. అక్కడ కిడ్నీ జబ్బు వాళ్లకు ఒక కేకు పెడతారని ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. పన్నెండు గుడ్ల తెల్లసొన, కప్పు మైదా, కప్పున్నర పంచదార, స్పూను నిమ్మరసం. వెన్న లేదు, పాలు లేవు, సోడా లేదు, ఉప్పు లేదు. తెల్లసొనను నురగ వచ్చేదాకా గిలక్కొట్టి కాలిస్తే గుడ్డు వాసన చచ్చిపోతుందంది.

నేను ఫోను చేశాను. "కప్పంటే ఏ కప్పక్కా?"

"కప్పంటే కప్పే చెల్లీ. ఇక్కడందరికీ అదే."

"మా ఇంట్లో టీ కప్పులే మూడు రకాలున్నాయి. తూకం చెప్పు."

"నువ్వేం మారలా. మీ వదిన పెళ్లప్పుడు పూలకొట్టాయన్ని ఏడిపించింది నువ్వేగా."

అయినా పాపం తన వంటింటి కాటా మీద పెట్టి చూసి చెప్పింది. ఆస్ట్రేలియా కప్పు రెండు వందల యాభై మిల్లీలీటర్లు. అమెరికా పుస్తకాల్లోది అంతకన్నా కాస్త చిన్నది. అక్కడి పెద్ద స్పూను ఇరవై మిల్లీలీటర్లు, నేను కొన్న ప్లాస్టిక్ స్పూను పదిహేను. అక్కడి గుడ్డు అరవై గ్రాములు తూగుతుంది. మా బజారులో గుడ్డు యాభై తూగితే గొప్ప. దేశానికొక కప్పు, దేశానికొక స్పూను పెట్టుకుని వీళ్లు వ్యాపారాలెట్లా చేస్తున్నారా అనిపించింది. చివరికి అన్నిటినీ గ్రాముల్లోకి తెచ్చుకుని, అందులో సగం చేసుకున్నాను.

గుడ్ల కొట్టతనితో బేరం పెట్టాను. "అన్నా, నాకు తెల్లది చాలు. పచ్చది నువ్వే ఉంచుకుని సగం రేటు చెయ్యి."

"పచ్చది ఉంచుకుని నేనేం చేసుకోవాలక్కా, మొహానికి రాసుకోనా?"

ఆ బేరం పోయింది. ఎదురింటి లారీ డ్రైవరు భార్యతో ఇంకోటి కుదిరింది. గుడ్లు ఆవిడ వంటింట్లో పగలగొట్టుకుంటాను, పచ్చసొనలన్నీ ఆవిడకే. వాళ్లింట్లో పిల్లలు రోజూ ఆమ్లెట్టు తిన్నారు. తెల్లసొన మూత గిన్నెలో పెట్టుకుని, రోడ్డు దాటి, మా పెరటి వసారాలో పెట్టిన చిన్న ఓవెను దగ్గరికి దొంగలా వచ్చేదాన్ని.

మొదటి కేకు రబ్బరు చెప్పులా వచ్చింది. ఆస్ట్రేలియాకు ఫొటో పంపాను.

"మైదా ఎంతేశావు?" అని అడిగింది అక్క.

"నువ్వు చెప్పినంతే."

"నిజం చెప్పు."

"పైన కాస్త కొసరు."

"కొసరా? ఎవరికి?"

ఎవరికంటే ఏం చెప్పను. తూకం సరిపోయాక పైన ఇంకో చిటికెడు వెయ్యకపోతే మా ఇంట్లో ఎవరి చెయ్యీ ఊరుకోదు. అది ధర్మగుణం అనుకుంటే పొరపాటు. అడగకముందే వేస్తే చిటికెడుతో పోతుంది, వాళ్లడిగాక వేస్తే గుప్పెడు కావాలంటారు. చిన్నప్పటి నుంచి చూసి చూసి ఆ చిటికెడు నా వేళ్లలోకి వచ్చేసింది. మైదాకు వేశాను, పంచదారకు వేశాను, నిమ్మరసానికీ వేశాను. ఆ బరువుకు నురగ కుంగిపోయింది.

"విను చెల్లీ, ఆ గిన్నె నీ గిరాకీ కాదు. అదేం అలిగి పక్క కొట్టుకు పోదు," అంది అక్క.

రెండోసారి ఎడమచేత్తో తూచాను. ఆ చేతికి కొట్టు అలవాట్లు తక్కువ. కేకు పొంగింది. నడుమ బొక్క ఉన్న కేకు గిన్నెకు నూనె రాయకూడదు, దించాక దాన్ని తలకిందులుగా సీసా మూతి మీద బోర్లించి ఆరబెట్టాలి. అట్లా పెట్టి నిలబడితే అమ్మ పెరట్లోకి వచ్చింది.

"ఇదేందే, తలకిందులుగా వేలాడదీశావు?"

"అట్లాగే ఆరాలంటమ్మా."

"ఏమేశావందులో?"

"మైదా, పంచదార."

"ఇంకా?"

"మందు."

అమ్మ ఎదురింటి వైపు చూసింది, గిన్నె వైపు చూసింది. "మందైతే నేనెందుకు అడగాలి," అని లోపలికి పోయింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. మా ఇంట్లో దాని పేరు మందుగానే ఉండిపోయింది.

వదిన తింది. మొదటి రోజు చిన్న ముక్క, వారం తిరిగేసరికి పూటకొక ముక్క. రక్తపరీక్ష చూసి డాక్టరు, "పరవాలేదే, ఏం పెడుతున్నారు?" అన్నాడు. చెప్పాను. ఆయన నర్సుకు చెప్పాడు, నర్సు పక్క మంచాల వాళ్లకు చెప్పింది. వెల్దుర్తి నుంచి బస్సులో వచ్చే ఒకామె నన్ను పట్టుకుంది. ఓవెను లేదు, కాటా లేదు, కోళ్లు మాత్రం ఉన్నాయంది.

"మీ ఊళ్లో టీకొట్టు గాజు గ్లాసు తెలుసుగా?" అన్నాను.

"తెలవకేం. మా ఇంట్లో రెండున్నయ్, ఆ కొట్టువే."

ఆస్ట్రేలియా కప్పును గ్రాముల్లోకి తెచ్చినదాన్ని, ఆ గ్రాముల్ని ఆమె తెచ్చిచ్చిన వెల్దుర్తి టీగ్లాసులోకి పోసి చూసుకుని చెప్పాను. కుక్కరు మూతకు రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఇసుక పరిచి కాల్చమన్నాను. నాలుగు రోజులకు ఆమె తెచ్చి చూపించింది. ఒకవైపు మాడింది, లోపల మెత్తగానే ఉంది. నాదానికన్నా బాగుందని వదిన నా మొహం మీదే అంది.

ఎండాకాలం పోయాక ఒక రోజు ఆ వెల్దుర్తి ఆమె మంచం మీద వేరే మనిషి పడుకుని ఉన్నాడు. నర్సును అడగబోతే వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో కూడా వదల్లేదు. తర్వాత, "ఆమె కూడా తిన్నదిగా కేకు," అంది.

ఏడాది గడిచింది. వదిన చేతిలో సూది ఎక్కించే నరం మూసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం పెడితే దానికి చీము పట్టింది. తర్వాత గుండె బలహీనపడింది. మిషను మీద కూర్చోబెడితే బీపీ పడిపోయి స్పృహ తప్పేది. డాక్టరు మమ్మల్నిద్దరినీ మళ్లీ కూర్చోబెట్టాడు.

"ఇక ఆమెకు ఇష్టమైనవి పెట్టండి. ఏదైనా సరే."

"ఏదైనా అంటే? మామిడిపండు పెట్టొచ్చా?" అన్నాను.

"పెట్టండి."

"కొబ్బరినీళ్లు?"

"ఇవ్వండి."

"ఊరగాయ?"

"పెట్టండమ్మా."

"పచ్చసొన?"

ఆయన తల ఊపాడు. పుట్టాక నా బేరానికి ఎవరూ అంత తొందరగా ఒప్పుకోలేదు. అడిగిన ధరకు మారుమాట లేకుండా సరుకిచ్చేసే వ్యాపారిని చూస్తే, వీడు కొట్టు మూసేస్తున్నాడని చిన్నప్పుడే పట్టేసేదాన్ని. అన్నయ్య కుర్చీలోంచి లేవలేదు. బయటికొచ్చాక, "దానికి చెప్పమాక," అన్నాడు. సరేనన్నాను.

ఆ రాత్రి ఆస్ట్రేలియాకు ఫోను చేశాను. "అక్కా, మామూలు కేకు ఎట్లా చేస్తారు? వెన్న, పాలు, అన్నీ వేసి."

"పచ్చసొన కూడానా?"

"ఊఁ."

"మా దగ్గరా అట్లాగే చెప్తారు చెల్లీ. ఇక ఏదైనా పెట్టమని," అంది. తర్వాత కొలతలు పంపింది. ఏదీ కప్పుల్లో లేదు. ప్రతిదీ గ్రాముల్లో, మన గుడ్డు సైజుకు లెక్కకట్టి, మార్చుకోవలసిన పని నాకేమీ మిగల్చకుండా పంపింది.

మర్నాడు కేకు కాలుతుంటే వాసన కొట్టు దాకా వచ్చింది. నూనె కోసం వచ్చినామె "ఏం పండగమ్మా?" అని అడిగితే ఏదో చెప్పాను. ఒక ముక్క కోసి వదిన మంచం దగ్గరికి తీసుకెళ్లాను. దిండు మీదికి జరిగి కూర్చుని పళ్లెంలోకి చూసింది.

"ఇదేంది అమ్మాయ్, పచ్చగా ఉంది?"

ఇంత ఆలోచించినదాన్ని, రంగు సంగతి ఆలోచించలేదు. "కుంకుమపువ్వేశాను," అన్నాను.

"నువ్వా? కుంకుమపువ్వా?" నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గేదాకా వీపు పట్టుకున్నాను. "చుట్టాలొస్తే టీలో యాలక్కాయ సగం చేసే మనిషివి. పచ్చసొనేశావు."

నేను నీళ్ల గ్లాసు అందించాను.

"డాక్టరునడిగావా?"

"లేదు."

"నువ్వడక్కుండా ఉంటావా. ఏమేం అడిగావు?"

"మామిడిపండు. కొబ్బరినీళ్లు. ఊరగాయ."

"దేనికి ఒప్పుకున్నాడు?"

అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. నిన్న వచ్చిన సరుకే అని చెప్పి ఎన్ని అమ్మలేదు. ఆ పూట మాత్రం నోరు రాలేదు. "అన్నిటికీ," అన్నాను.

వదిన పళ్లెం ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు చూసింది. తర్వాత ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

"ఇది బాగుంది. ఆ తెల్లది ఇన్నాళ్లూ నీ మొహం చూసి తిన్నా."

"ముందే చెప్పొచ్చుగా వదినా."

"చెప్తే ఇంకోటేదో కనిపెడతావు." ఇంకో తుంపు తీసుకుంది. "నాకు తెలిసిందని మీ అన్నకు చెప్పమాక. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. నేను నిద్రపోతన్నాననుకున్నాడు."

అంతలో అన్నయ్య కొట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పళ్లెం చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏందది, పచ్చగా?"

"మీ చెల్లెలు కుంకుమపువ్వేసింది," అంది వదిన. "చానా బాగుంది, తినండి."

అన్నయ్య నావైపు చూశాడు. కుంకుమపువ్వు గ్రాము ధరెంతో తెలిసినవాడు. నా చెయ్యి సంగతి అంతకన్నా బాగా తెలిసినవాడు. ఇంతవరకు గుడ్డు ముట్టనివాడు. వచ్చి మంచం పక్కన కూర్చుని, పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"అవును, కుంకుమపువ్వే," అన్నాడు.