స్విచ్ తీస్తే మామూలే

టైలరక్కయ్య తమ్ముడికి ఉన్న జబ్బు ఒక్కటే: పలచగా కనబడ్డ దేన్నీ పలచగా ఉండనివ్వడు.

వీధిలో అందరూ ఆయన్ని చిక్కన మాస్టారంటారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక అక్క షాపు వెనకగదిలో మకాం పెట్టాడు. వంటనూనెలో మొక్కజొన్న పిండి కలిపి, రెండు రేకుల మధ్య పోసి, వైర్లు తగిలించి స్విచ్ వేస్తాడు. నూనె కాస్తా ముద్దై కూర్చుంటుంది. స్విచ్ తీస్తే మళ్లీ జారిపోతుంది. ఇందులో ఏముందని అడిగినవాళ్లు ఆ పూట భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఒరేయ్, నూనె ఏదిరా?"

"గట్టిపడిందక్కా."

"మరి కూర ఎలా వండను?"

"కంగారు పడకు. స్విచ్ తీస్తే మామూలే."

ఫ్యూజు ఎగిరినా అదే మాట. షాంపూలో, రంగుడబ్బాలో, చివరికి చుట్టాలకిచ్చిన టీలో కూడా వైర్లు పెట్టి చూశాడు. టీ గట్టిపడలేదు. చుట్టాలే బిగుసుకుపోయారు.

ఒకరోజు టేపు తెచ్చి అక్క మణికట్టు కొలిచాడు.

"ఎందుకురా?"

"సీసా మూతకి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగితే చెబుతాడని భయం.

అసలు భయం వేరే ఉంది. కొన్నాళ్లుగా ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. సూదులు బాగోలేవని, లైటు చాలడం లేదని తిడుతూ నెట్టుకొస్తోంది. పెళ్లిగౌను పట్టుబట్ట మీద కత్తెర పెట్టే ధైర్యం లేక, రోజూ పరిచి, మళ్లీ మడతపెడుతోంది. రేపు పెళ్లికూతురు గౌను తొడిగి చూసుకోడానికి వచ్చేస్తుంది. కత్తెర జారిందంటే పట్టూ పోతుంది, ఇన్నేళ్ల పేరూ పోతుంది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు వచ్చి ఆవిడ మణికట్టుకి ఓ రబ్బరు పట్టీ తొడిగాడు. లోపల ఏదో జారుతోంది.

"ఏంట్రా ఇది?"

"నీ వంటనూనె."

"షాక్ కొడితే?"

"కొట్టదు. ముందు నేను పెట్టుకుని చూశాను. చెయ్యి నిదానంగా కదిలితే వదిలేస్తుంది, వణికితే బిగుసుకుంటుంది."

అక్క గతుక్కుమంది. "నా చెయ్యి వణుకుతోందని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రోజూ సూదుల్ని తిడుతున్నావు. పాపం, వాటి తప్పేముంది?"

స్విచ్ వేశాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి కత్తెర పెట్టింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా పట్టు గీతమీదే తెగింది. అంతే, ఆవిడ కళ్లు నిండిపోయాయి.

మాస్టారు హడలిపోయాడు. "బిగుతైందా? ఎందుకక్కా ఏడుపు?"

"నువ్వు కంగారు పడకురా," అంది ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ. "స్విచ్ తీస్తే మామూలే."

సాయంత్రం బజారుకెళ్లి రెండు నూనెడబ్బాలు తెచ్చింది. ఒకటి వెనకగదిలో తమ్ముడి బల్లమీద పెట్టింది. రెండోది వంటింటి బీరువాలో పెట్టి తాళం వేసింది.