ఇంగోసారి పెట్టు బేటీ

మా కుట్టు మాస్టర్ చనిపోయారని మొన్న ఫోన్ వచ్చినప్పుడు నేను ఆదోనిలో, మా రెడీమేడ్ బట్టల యూనిట్‌లో కాలర్లు సరిచూస్తున్నాను. ఆయనుండే ఎమ్మిగనూరు ఎంత దూరమని, గంట ప్రయాణం. ఆ గంట ఆయన బతికుండగా నాకు దొరకలేదు.

ఎమ్మిగనూరులో, ఉద్యోగం దొరకని పిల్లలకోసం ప్రభుత్వం నడిపే ఉచిత శిక్షణ కేంద్రంలో ఆయన దగ్గర కుట్టు నేర్చుకున్నాను. అంతకుముందు ఏటా అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతకు పోయేదాన్ని. చదువు ఆ కోతల్లోనే ఆగిపోయింది. వేళ్లు కూడా అరిగిపోయాయేమో, హాజరు మిషన్ నా వేలిముద్ర తీసుకునేది కాదు. హాజరు లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు. మొదటి వారమే మానేస్తానన్నాను.

మాస్టర్ తడిగుడ్డ చేతికిచ్చారు. "తుడ్సుకోని ఇంగోసారి పెట్టు బేటీ. వద్దనేకి దానికి లేని సిగ్గు అడిగేకి మనకెందుకు?"

పచ్చలైటు వెలిగేదాకా ఆయన క్లాసు మొదలుపెట్టేవారు కాదు. అందరూ నావైపే చూస్తుంటే తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడేవారు. కాలర్ పాడుచేసినవాళ్లకు ముందు టీ ఇప్పించి, ఆ తర్వాత తిట్టేవారు.

ఉద్యోగం వచ్చాక నన్ను ఒకటే అడిగారు. "ఒక్కదినం వచ్చిపో బేటీ. సుగ్గికి పోయే పిల్లోళ్లు ఉండారు ఈడ. నేను సెప్తే నమ్మరు, నిన్ను జూస్తే నమ్ముతారు."

రంజాన్ అయ్యాక వస్తానన్నాను. ఆర్డర్లు తగ్గాక అన్నాను. నిజం చెప్పనా? ఆ సుగ్గి పిల్లను నేనేనని పదిమంది ముందు చెప్పుకోవడం నాకిష్టం లేకపోయింది. ఎంత పాడుబుద్ధి నాది.

ఆయన ఇంటావిడను పలకరించి కేంద్రానికి వెళ్లాను. ఆదోని నుంచి వచ్చానని చెప్పగానే ఒకమ్మాయి లేచి వచ్చింది.

"మాస్టర్ సెప్పే అక్క నువ్వేనా? రేపొస్తాది, రేపొస్తాది అంటాండె. గోనెగండ్ల పిల్ల ఒగితి నీకోసమే సూస్తాండె. ఆయమ్మి ఏలు గూడా మిషన్ తీసుకోల్యా. పోయినవారం సుగ్గికి పాయె."

కిటికీ పక్క కుట్టుమిషన్ మీద ఆ పిల్ల సగం కుట్టిన కాలర్ ఉంది. మాస్టర్ ఎవరినీ తీయనివ్వలేదట. "వస్తాది, ఉండనీ" అన్నారట.

సూది ఇంకా ఆ గుడ్డలోనే దిగి ఉంది.