లాల పోసే కాళ్లు

పాపకు నీళ్లు పోయడం మా ఇంట్లో ఓ చిన్నసైజు యజ్ఞం. మా అత్తగారు రాజమండ్రి నుంచి దిగిన రోజే ఆ పని తన చేతుల్లోకి తీసేసుకున్నారు. ఒంటికి నువ్వులనూనె, మాడుకి ఆముదం, ఆ తర్వాత సున్నిపిండి, చివర్న సాంబ్రాణి పొగ. తెల్లాపూర్‌లో మా ఫ్లాటు బాత్రూంలో ఒకపక్క అద్దాల షవర్, ఇంకోపక్క కమోడ్. ఆ రెండింటి మధ్య ఇరుకులో పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు బారచాపి కూర్చునేవారు. ఆ కాళ్ల మీద పాపని బోర్లా పడుకోబెట్టాలి.

"ఈ బాత్రూం కట్టినవాడికి పిల్లల్లేరేంటమ్మాయ్?" అని రోజూ అడిగేవారు. రోజూ నాకు నవ్వొచ్చేది కాదు. నాకు ఏ విషయానికీ నవ్వొచ్చే ఓపిక లేదు. రాత్రంతా పాప మేలుకునేది, పొద్దంతా నేను తూలుతుండేదాన్ని. పిల్ల పడుకున్నప్పుడే నువ్వూ పడుకో అని ఫోన్లో అందరూ చెప్పేవాళ్లు. అప్పుడు ఆ గుడ్డలన్నీ ఎవరు ఉతకాలో ఒక్కరూ చెప్పలేదు.

నా సెలవు కూడా చివరికొచ్చింది. ఇంకొన్నాళ్లలో రాయదుర్గంలో ఆఫీసుకి వెళ్లాలి. ఇంటినుంచి పని కుదరదని మేనేజరు తియ్యగా, మళ్లీమళ్లీ చెప్పాడు. నేను వెళ్లాక పొద్దున్న లాల పొయ్యడం పూర్తిగా అత్తగారి మీదే. దాని గురించి నాకు అప్పటికి ఏ బెంగా లేదు. ఉన్న బెంగలే సరిపోయాయి.

నీళ్ల వేడి చూడ్డానికి ఆవిడకో పద్ధతి ఉంది. మొదటి చెంబు తన కాళ్ల మీదే పోసుకునేవారు. "చల్లగా తగిలితే పిల్లకి జలుబు. వేడిగా తగిలితే పిల్ల కందిపోద్ది. కాళ్లకి ఏమీ తెలీకుండా ఉన్నాయంటే, అవీ సరైన నీళ్లు" అనేవారు. నాకది ఎంతో నచ్చింది. నేను కొన్న థర్మామీటరు బాతుబొమ్మని పెట్టెలోంచి బయటికి కూడా తియ్యలేదు.

ఎండాకాలంలో మా కుళాయిలకి వావీ వరసా ఉండదు. మేడమీద ట్యాంకు కాగిపోయి చన్నీళ్ల కుళాయిలోనూ వేణ్ణీళ్లే వస్తాయి. అయినా పసిపిల్లకి కాగిన నీళ్లే పొయ్యాలని అత్తగారి పట్టు. నీళ్లు తొందరగా కాగాలని ఆ రోజు మా ఆయన గీజరు మీట చివరికంటా తిప్పి, తన కాల్ ఉందని వెళ్లి గదిలో తలుపేసుకున్నాడు. అత్తగారు బకెట్లో గీజరు నీళ్లు పట్టి, చన్నీళ్లనుకుని రెండో కుళాయి విప్పి కలిపారు.

మొదటి చెంబు పోసుకున్నారు. "ఏమీ తెలీట్లేదు. బాగున్నాయ్. ఇటియ్యి నా బంగారుతల్లిని" అని చేతులు చాచారు.

నూనె రాసిన పిల్ల చేతుల్లో నిలవదు. గుండెకి అదుముకుని జాగ్రత్తగా బాత్రూంలో అడుగుపెట్టాను. ఆవిడ కాళ్ల మీంచి జారిన నీళ్లు నేల మీద పారుతూ వచ్చి నా పాదాన్ని తాకాయి. వేళ్లు చురుక్కుమన్నాయి. అరుచుకుంటూ వెనక్కి గెంతాను. పాప గుక్కపట్టింది. గడపకి నా మడమ తగిలి చర్మం లేచిపోయింది, అది తర్వాతెప్పుడో చూసుకున్నాను.

అత్తగారు మాత్రం చాచిన చేతులు చాచినట్టే కూర్చున్నారు. మోకాళ్ల కింద చర్మం ఎర్రగా కందిపోతోంది.

"ఏంటమ్మాయ్, బల్లేమైనా కనబడిందా?" అని అడిగారు.

"నీళ్లు కాలిపోతున్నాయత్తయ్యా! మీ కాళ్లు చూసుకోండి!"

ఆవిడ చూసుకున్నారు. "ఇదా! వేడికి కాస్త ఎర్రబడ్డాయంతే. మీ కాలం పిల్లలకి అన్నీ మంటే" అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పూట నెత్తికెక్కింది. ఏం మాటలన్నానో అన్నీ గుర్తులేవు. పిల్లని ఉడకబెడతారా అన్నమాట మాత్రం గుర్తుంది. ఆవిడ మొహం చిన్నబోయింది. మా ఆయన చెవుల్లో హెడ్‌ఫోన్‌తో బయటికొచ్చి, మెల్లగా మాట్లాడమని సైగ చేశాడు. అంతే, మిగిలిన కోపమంతా అతనికి దక్కింది. వెళ్లి గీజరు మీట తగ్గించి వచ్చాడు. తర్వాత కాలిన కాళ్లకి టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు. కసిరి పంపేసి, వంటింట్లో తాగే నీళ్లు తెచ్చి ఆ కాళ్ల మీద చాలాసేపు ధారగా పోశాను.

సాయంత్రానికి బొబ్బలు లేచాయి.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"లేదమ్మా, అస్సల్లేదు" అన్నారు, అదేదో శుభవార్త అయినట్టు.

నాకు అప్పుడు భయమేసింది. పొద్దున్న వచ్చింది కోపం. ఇది వేరు. బొబ్బలు లేచినచోటే రోజూ పాప పొట్ట ఆనేది. ఆ కాళ్లకి ఏమీ తెలియకపోవడం నీళ్ల మంచితనం కాదు. ఎన్నాళ్లనుంచి తెలియడం లేదో, ఎన్ని పూటలు అదృష్టం మమ్మల్ని గట్టెక్కించిందో లెక్క వేసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

ఆవిడకి ఏళ్లుగా షుగరుంది. మర్నాడు ఆవిడని మదీనాగూడలో ఒక షుగర్ డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాను. పెద్దాయన, నెమ్మదస్తుడు. బొబ్బలకి మందు రాసి కట్టు కట్టించాక, సన్నటి ప్లాస్టిక్ పోగు ఒకటి తీశాడు.

"కండ్లు మూస్కోండ్రి అమ్మా. ఇది తగిలినప్పుడల్లా నాకు చెప్పుండ్రి" అన్నాడు.

అత్తగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. డాక్టరు పోగుని ఆవిడ బొటనవేలికి ఆనించి నొక్కాడు. ఆవిడ పలకలేదు. అరికాలికి ఆనించాడు. పలకలేదు. పోగు వెనక్కి తీశాడు.

"ఆఁ, తగిలిందండీ" అన్నారు అత్తగారు.

డాక్టరు నా వైపు చూసి, పోగుని బల్ల మీద పెట్టేశాడు. చేతులు కట్టుకుని, "ఇప్పుడో?" అన్నాడు.

"తగిలిందండీ. గట్టిగానే తగిలింది."

మామూలప్పుడైతే నవ్వేదాన్నేమో. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కళ్లు మూసుకుని అంత కష్టపడి చెబుతుంటే చూడలేక నేనే తల తిప్పుకున్నాను. చేతివేళ్లకీ అలాగే పరీక్ష చేశాడు. అక్కడ కొన్ని నిజంగా తగిలాయి, చాలా తగల్లేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి గానీ జర ఇనుండ్రి. షుగర్‌తోని కాళ్లల్ల సోయి పోయింది, ఏం తగిలినా తెలుస్తలేదు. చేతులల్ల గూడ తగ్గుతున్నది. పొయ్యి కాడ, వేడినీళ్ల కాడ పైలం" అన్నాడు. తర్వాత నాతో, "బకిట్ల ముందుగాల సల్లనీళ్లు పొయ్యాలె, ఎన్క వేడియి కలపాలె. మీ మోచెయ్యి ముంచి చూస్కున్నంకనే పాపను దించాలె. ఆమెను చూడుమనొద్దు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు క్యాబ్ హైవే మీద ఎక్కడో లారీల మధ్య ఇరుక్కున్నాక అడిగాను.

"అలా ఎందుకు చెప్పారత్తయ్యా?"

"తగల్లేదంటే పిల్లని నా చేతికిస్తావేంటి?" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇస్తానని అనలేకపోయాను. ఎందుకంటే ఇవ్వను. అది ఆవిడకీ తెలుసు, అందుకే మళ్లీ అడగలేదు.

ఆ కట్లు విప్పేదాకా నీళ్లు నేనే పోశాను. బకెట్లో ముందు రాత్రి పట్టి ఉంచిన చన్నీళ్లు, ఆ పైన కొద్దికొద్దిగా వేడివి, తర్వాత మోచెయ్యి. వేడి దగ్గర ఏ పొరపాటూ జరగలేదు గానీ మిగతావన్నీ జరిగాయి. పాప నా కాళ్ల మీద నిలిచేది కాదు, సున్నిపిండి కళ్లలో పడేది, ఏడ్చి ఏడ్చి ఇద్దరం సొమ్మసిల్లేవాళ్లం. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి, చేతులు కొంగులో చుట్టుకుని చూసేవారు. "చెవిలోకి పోతాయ్ నీళ్లు" అని ఒక్కోసారి మెల్లగా అనేవారు. ఒకరోజు మా ఆయన, "రోజూ ఈ గొడవెందుకు, తడిబట్టతో తుడిచేస్తే చాలదా?" అన్నాడు. "చాలదు" అని ఆవిడా నేనూ ఒక్కసారే అన్నాం. బొబ్బలు లేచిన తర్వాత మేమిద్దరం కలిసి అన్న మొదటి మాట అదే.

ఆయాని పెడదామంటే మనసొప్పలేదు. ఆఫీసు మానేద్దామంటే ఇల్లు గడవదు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడని నా జీతం గురించి అత్తగారే అనేవారు. చివరికి కాళ్లు పూర్తిగా మానాక చెప్పాను, నేను ఆఫీసుకి వెళ్లేలోపే లాల కానిచ్చేద్దామని. నీళ్లు కలపడం, పొయ్యడం నావి. కూర్చోవడం, రుద్దడం ఆవిడవి. నేను ఇంట్లో లేనప్పుడు గీజరు స్విచ్ ముట్టుకోకూడదు. ఆవిడ అన్నిటికీ తలూపారు. అంత తొందరగా ఒప్పుకుంటే నాకే బాధనిపించింది.

నేను మళ్లీ ఆఫీసుకెళ్లాల్సిన మొదటి సోమవారం అలాగే చేశాం. నాకు అప్పటికే ఆలస్యం, ట్రాఫిక్ గురించి చెప్పాల్సిన అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. అత్తగారు పీట మీద కూర్చుని కాళ్లు చాపారు. కాలినచోట కొత్త చర్మం లేతగా మెరుస్తోంది. పాపని ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టాను. నేను నీళ్లు పోస్తుంటే ఆవిడ వీపు రుద్దారు. పాప ఏడవలేదు, మెడెత్తి నేలమీది నీళ్లనే చూస్తోంది.

"గట్టిగా రుద్దేస్తున్నానేమో చూడమ్మాయ్. నాకు అంతు తెలీట్లేదు" అన్నారు.

"బాగానే ఉందత్తయ్యా."

కాసేపయ్యాక ఆవిడ చెయ్యి పాప వీపు మీద ఆగిపోయింది.

"మీ ఆయన్ని ఇలాగే పడుకోబెట్టి పోసేదాన్ని. వాడి ఒళ్లు చేతికి ఎలా తగిలేదో ఇప్పటికీ గుర్తే. దీన్ని పట్టుకుంటే బరువొక్కటే తెలుస్తోంది" అన్నారు. తలెత్తి నా మొహంలోకి చూశారు. "దీని ఒళ్లు మెత్తగా ఉంటుందా అమ్మాయ్?"

"ఉంటుందత్తయ్యా, చాలా మెత్తగా ఉంటుంది" అన్నాను.