పరాస్కా ఉతికిన కవచం

మా కోసివ్ బజారులో పరాస్కా కొట్టు ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు, సబ్బు వాసన పట్టుకుని నడిస్తే చాలు. ఆమె అమ్మేది సైన్యాలు వదిలించుకున్న పాత సరుకు. ఓవర్‌కోట్లు, బూట్లు, దుప్పట్లు, వంటగిన్నెలు. ఏ దేశపు సిపాయి ఏ బురదలో దొర్లి విప్పేసిన కోటైనా సరే, నానబెట్టి, ఉడకబెట్టి, బాది, ఇస్త్రీ చేసి, పెళ్ళికొడుకు బట్టల్లా మడతపెడితే గానీ బల్ల మీదికి రాదు.

పక్క బల్ల నాది. గొర్రెపాల చీజ్ అమ్ముతాను. చీజ్ సబ్బు వాసన వేస్తోందని ఎవరైనా వంక పెడితే ఆమె మీద విరుచుకుపడేవాణ్ణి.

"దాన్నీ ఓసారి ఇటు పడెయ్ తనాసీ, ఉతికి ఇస్తాను," అనేది తాపీగా.

ఆమె భర్త యూర్కో నాకు అన్నలాంటివాడు, అందుకే ఆమె నాకు వదిన. వయసులో ఉండగా యూర్కో శాంతి సైన్యంలో బోస్నియా వెళ్ళాడు. అక్కడ ఫిరంగి గుండు ముక్క ఒకటి వచ్చి రొమ్మున తగిలితే, ఒంటి మీద ఉన్న, గట్టి గుడ్డ పొరలతో కుట్టిన కవచం ఆపేసింది. ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో గానీ ఆ కవచాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాడు. తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికి, చెర్రీ చెట్టెక్కి జారిపడి పోయాడు.

"చెట్టెక్కేటప్పుడూ తొడుక్కోమంటే విన్నాడా మహానుభావుడు!" అని వదిన ఇప్పటికీ తిడుతుంది.

కవచం మాత్రం ఆమె ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకి వేలాడేది. ఈస్టర్ ముందు వచ్చే శుభ్ర గురువారం నాడు మా దగ్గర ఇల్లూ వాకిలీ, ఒళ్ళూ బట్టలూ కడుక్కోనివాళ్ళుండరు. పరాస్కా ఏటా ఆ రోజున కవచాన్ని కూడా తొట్టిలో వేసి, బ్లీచింగ్ నీళ్ళు దండిగా పోసి, ఉతికి, ఎండలో ఆరేసేది. పండగనాడు బుట్టలో రొట్టె, గుడ్ల కింద దాన్ని పరిచి చర్చికి తీసుకెళ్ళి, ఫాదర్ చేత పవిత్రజలం చల్లించుకొచ్చేది.

ఇంతలో యుద్ధం వచ్చిపడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు లుకియాన్‌కి పిలుపొచ్చింది. శిక్షణ ముగించుకుని ఈస్టర్‌కి ఇంటికొచ్చాడు. పండగ అయిన వారానికి బయల్దేరాలి. ఆ రోజుల్లో కవచాలకి మహా కరువు.

"మీ నాన్నది ఉండగా నీకేం కొదవరా?" అంది పరాస్కా.

వాడు అమ్మ ముందు తలూపేసి, తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"బాబాయ్, ఆ కవచాల్లోపలి గుడ్డకీ ఆయుష్షుంటుందని శిక్షణలో చెప్పారు. ఎండా, చెమటా, బ్లీచింగూ తగిలితే చివికిపోతుందట. పైకి చూస్తే మాత్రం ఏమీ తెలీదట."

"ఆ మాట మీ అమ్మతో చెప్పు."

"నువ్వు చెప్పగలవా?"

నేను చీజ్ మీద ఈగల్ని తోలడం మొదలుపెట్టాను.

"అదే తొడుక్కుని వెళ్తాలే. అమ్మకి నిద్రన్నా పడుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ నిద్ర కోసం నువ్వు చావాలట్రా?" అని లేచి వాళ్ళింటికి నడిచాను.

ఆ రోజు శుభ్ర గురువారమే. వదిన తొట్టి ముందు కూర్చుని కవచాన్ని బాదుతోంది.

"వదినా, అదింకా పనిచేస్తుందో లేదో ఓసారి తుపాకీతో కాల్చి చూద్దాం."

ఆమె బట్టలు బాదే కర్ర నా మీదికెత్తింది. "నా మొగుడి ప్రాణం నిలబెట్టినదాన్ని కాలుస్తావా? సిగ్గులేదూ నీకు?"

"అప్పుడు నిలబెట్టింది, కాదన్నానా? నా తుపాకీలో ఉన్నవి కుందేళ్ళని కొట్టే గుళ్ళు. వాటికే భయపడితే, రేపు వాడి మీదికొచ్చేవాటికి ఏమంటావ్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. కర్ర కింద పెట్టి, కవచాన్ని నురగలోంచి పైకి తీసింది.

"తడిగా ఉండగా కాలిస్తే తొండి," అంది చివరికి. "ఆరనీ."

ఆరాక తెచ్చింది, ఇస్త్రీ చేసి మరీ! నా గొర్రెల దొడ్డి వెనకాల మొద్దు మీద ఒక పెద్ద చీజ్ దిమ్మ నిలబెట్టి దానికి కవచం తొడిగాం. పండగ ముందు పాలూ పెరుగూ ముట్టని ఉపవాసాల రోజులు కదా, ఎలాగూ చీజ్ కొనే నాథుడు లేడు. నేను తుపాకీ ఎత్తబోతుంటే వదిన లాక్కుంది.

"ఇటియ్యి. యూర్కోని తిట్టినా కొట్టినా నేనే."

శిలువ గుర్తు వేసుకుని, గురి చూసి పేల్చింది. గబగబా వెళ్ళి చూసింది. కవచం ముందు వైపు చిన్నచిన్న చిల్లులు. తిరగేసి లోపలి వైపు చూస్తే అక్కడా చిల్లులే. చీజ్ నిండా సీసపు గుళ్ళు. లుకియాన్ చాకుతో కుట్లు విప్పాడు. లోపలి గుడ్డ టీ వడగట్టే పాతగుడ్డలా మెత్తబడిపోయి ఉంది. వదిన ఒక చిల్లులో వేలు పెడితే అవతలికి వచ్చేసింది.

ఆమె గడ్డి మీద కూలబడింది. "నేనే కదరా! ఏటా నేనే బాది బాది చంపాను దీన్ని. మీ నాన్న మురికిగా తెచ్చినదాన్ని అలాగే ఉంచినా బాగుండేది."

"అలా ఉంచినా నమ్మడానికి లేదమ్మా. చాలా పాతదైపోయింది."

"అయినా ఇది తొడుక్కుని పోదామనుకున్నావు కదరా, వెధవా! నా కోసం!" అని కొడుకు చొక్కా పట్టుకుని భోరుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి. అడిగితే చీజ్ పోయిందని బెంగ అన్నాను.

ఆ తర్వాత పరాస్కా కొట్టులో ఉన్నదంతా ఊడ్చి అమ్మేసింది, బజారంతా తలో చెయ్యి వేసింది, పోలెండ్‌లో ఉన్న మేనకోడలు లోపల దూర్చే గట్టి పలకలతో సహా కొత్త కవచం పంపింది. లుకియాన్ అది తొడుక్కునే వెళ్ళాడు. యూర్కో కవచాన్ని వదిన బంగాళదుంపల చేలో దిష్టిబొమ్మకి తొడిగింది. కాకుల మీద బాగానే పనిచేస్తోంది.

మరుసటి ఏడాది లుకియాన్ సెలవు మీద వచ్చిన రోజు కూడా, చూడండి, శుభ్ర గురువారమే అయింది. వదిన ఇల్లంతా తళతళలాడుతోంది, తొట్టిలో వేడినీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వాడు గుమ్మంలోనే కవచం విప్పాడు. చెమటా, బురదా కలిసి అట్టకట్టుకుపోయి దాన్నుంచి ఒకటే కంపు. వదిన చేతులు వాటంతటవే ముందుకెళ్ళి దాన్ని అందుకున్నాయి. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

లుకియాన్ నవ్వాడు. "పై తొడుగు విడిగా తీసి ఉతకొచ్చులే అమ్మా."

"వద్దు. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

ఆమె కవచాన్ని రెండు చేతులా ఎత్తుకెళ్ళి, దేవుడి పటం పక్కన ఖాళీగా ఉన్న మేకుకి తగిలించింది. అప్పుడే కడిగిన నేల మీద మట్టి పెళ్ళలు రాలాయి. వాటిని కూడా తుడవలేదు.

"ఇలాగే రారా," అంది కొడుకుతో. "ఎప్పుడొచ్చినా ఇలాగే కంపు కొట్టుకుంటూ ఇంటికి రా."