మోకాలెత్తు గీతలు

కార్లకు రంగులు వేసే మేస్త్రీ మొండివాడని కాలనీ అంతా ఒక్క మాట మీద ఉండేది. ఇంట్లోవాళ్లూ అదే అనేవారు. ఆయన పోయి ఏడాది దాటింది, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. బతికుండగా ఆ మాట చెవిన పడితే ఆయన కాదనేవాడు కాదు. "ఉండనీ, ఎప్పుడో పనికొస్తుంది" అని తన పనిలో తాను పడిపోయేవాడు.

ఆయనది రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. ఏళ్ల తరబడి చిమ్మిన రంగులన్నీ గోడల మీద పొరలు కట్టి ఉండేవి. గుమ్మం పక్కన లెక్కలు రాస్తూ రంగు పనీ నేర్చుకున్న కూతురి బల్ల, వెనక కంప్రెసర్. కారు వచ్చిందంటే ముందుగా ఎండలోకి తిప్పించి, గీత మీద బొటనవేలి గోరు అడ్డంగా నడిపేవాడు. గోరు జారిపోతే పాలిష్‌తో సరిపోతుంది. తగులుకుంటే దెబ్బ రంగు దాటి లోపలికి దిగిందన్నమాట, పుట్టీ పెట్టాల్సిందే. గీతను చూసి అది ఎలా పడిందో చెప్పడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ కాలనీలో గీతలకు కొదవ లేదు. వెనక గుట్ట మీంచి దిగివచ్చిన నెమళ్లు నలభై దాకా ఇళ్ల మధ్యే కాపురం పెట్టాయి. ప్రహరీల మీద నడుస్తాయి, నడివీధిలో నిలబడి హారన్ కొట్టినా కదలవు, తెల్లారకముందే గొంతు చించుకుంటాయి. జత కట్టే కాలంలో మగనెమలి నల్లగా మెరిసే కారు తలుపులో తన నీడ చూసుకుని, ఇంకో మగాడెవడో వచ్చాడనుకుని కలబడుతుంది. మేస్త్రీ ఎంత బాగా మెరిపిస్తే అంత గట్టిగా పొడుస్తుంది. "ఈ ఊళ్లో నా పని మెచ్చుకునేది అదొక్కటే" అనేవాడాయన.

నగర కార్పొరేషన్‌వాళ్లు నెమళ్ల కోసం ఒక చిన్న విభాగమే పెట్టారు. ఒక గది, ఒక ఆఫీసరమ్మ, నాలుగు బోన్లు, ఒక వ్యాను. గింజలు వేయకండి, జత కట్టే నాలుగు నెలలూ నల్ల కార్లకు ముసుగు కప్పండి, డాబా ఎక్కితే నీళ్ల పైపుతో తరమండి అని ఇంటింటికీ కాగితాలు పంచారు. ఎవరూ కప్పలేదు. అంత పెట్టి కొన్నది గుడ్డ కింద దాచుకోవడానికా అన్నారు. అలా తరమడంతో ఆగనప్పుడు ఇంకో నియమం ఉంది. నెమలి వల్ల కారు పాడైందని లైసెన్సున్న షెడ్డువాళ్లు సంతకం పెట్టి, ముద్ర వేసి పత్రం ఇస్తే ఆ ఇంటి దగ్గర తిరిగే పక్షుల్ని పట్టుకెళ్తారు. ఒకే ఏడు ముప్పై పత్రాలొస్తే గుంపు మొత్తాన్ని బోనెక్కించి దూరపు అడవిలో వదులుతారు. ఆ వార్డులో ముద్ర ఉన్నది మేస్త్రీ దగ్గరే. ఇన్సూరెన్సు కార్లు, ఆఫీసు కార్లు ఆయన షెడ్డుకు రావడానికీ ఆ ముద్రే కారణం.

ఒక సంవత్సరం పళ్ల డాక్టరు తన తెల్ల కారు తీసుకొచ్చి, నెమలి గీసిందని పత్రం ఇమ్మన్నాడు. నెమళ్ల అరుపులకు ఆయనకు ఒళ్లు మండిపోతోంది. తెల్ల తలుపులో నెమలికి నీడే కనబడదు. పైగా అది నడుమెత్తున, ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయిన ఒకే ఒక్క గీత. ఎవరో తాళంచెవితో గీసుకుంటూ నడిచిపోయారు. మేస్త్రీకి అది చూడగానే తెలిసింది. కానీ ఆ డాక్టరు మేస్త్రీ భార్యకు పన్ను పీకి పైసా పుచ్చుకోలేదు. మొహమాటపడి సంతకం పెట్టేశాడు. మూడు నెమళ్లను పట్టుకెళ్లారు. సొట్ట తీయించుకోవడానికి షెడ్డుకొచ్చిన వ్యాను డ్రైవరు మాటల్లో చెప్పాడు, అందులో ఒకటి బోనులోనే బెదిరి చచ్చిపోయిందని. ఆ పూట మేస్త్రీ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మరుసటేడు కాలనీ సంఘం ప్రెసిడెంటు ముప్పై పత్రాలు నింపి మరీ తెచ్చాడు. సంతకం, ముద్ర పడితే చాలు. మేస్త్రీ కార్లు చూపించమన్నాడు. ఆదివారం పొద్దున షెడ్డు నుంచి వీధి మలుపు దాకా కార్లు బారులు తీరాయి. ఆయన పీట ఒకటి చంకన పెట్టుకుని ఒక్కో కారు ముందూ కూర్చున్నాడు. మోకాలెత్తున ముక్కుతో పొడిచిన చిన్న చిన్న గుంటలు, వాటి కింద గోళ్లు జారిన పొట్టి గీతలు ఉంటే పత్రం మీద సంతకం పెట్టాడు. మిగతావి పక్కన పడేశాడు. ఒకటి తోపుడు బండి రాసుకున్నది, ఒకటి సైకిలు పెడల్ తగిలింది. ఒక కారు దగ్గర ఆగి, "ఇది మీ గేటు స్తంభం. మీ నీలం సున్నం ఇంకా ఇందులోనే ఉంది" అన్నాడు. కారాయన తన భార్య వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది.

చివరికి నెమలివని తేలినవి పదకొండే.

"మేస్త్రీ, నీకెందుకీ తలనొప్పి? సంతకమేగా" అన్నాడు ప్రెసిడెంటు.

"సంతకమే. కానీ నాది."

"డాక్టరుగారి తెల్ల కారుకి పెట్టావుగా. అది నెమలి గీతేనా?"

మేస్త్రీ పీట చంకన పెట్టుకుని లేచాడు. "కాదు. ఒకసారి పెట్టాను కాబట్టే ఇప్పుడు పెట్టను."

"ఆ మాట ఆఫీసులో అను చూద్దాం. నీ ముద్ర ఉంటుందో ఊడుతుందో."

అన్నంత పనీ చేశాడు. నిరుడు తెల్ల కారు గీతను ఒప్పుకున్న మేస్త్రీ ఈ పంతొమ్మిదింటినీ కాదనడం కుదరదని అర్జీ పెట్టాడు. విచారణకు రమ్మని కబురొచ్చింది. నిరుటి పత్రం నిజమంటే ముప్పై లెక్కకొస్తాయి, గుంపు పోతుంది. అబద్ధమంటే ముద్ర పోతుంది. భార్య రెండు రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పక్షుల కోసం ఇంట్లో పొయ్యి ఆర్పుకుంటారా అంది. కూతురు మెల్లిగా చెప్పి చూసింది. "డాక్టరు కారు సంగతి గుర్తులేదని చెప్పు నాన్నా. నీ వయసు చూసి ఎవరైనా నమ్ముతారు."

"నాకు గుర్తుందే" అన్నాడాయన.

కార్పొరేషన్ ఆఫీసు మూడో అంతస్తులో ఇరుకు గది. ఒక పక్క ప్రెసిడెంటు, డాక్టరు, ఇంకో నలుగురు. ఇటు పక్క మేస్త్రీ, కూతురు. ఆఫీసరమ్మ పాత పత్రం తీసి సంతకం మీదేనా అని అడిగింది.

"నాదే మేడమ్. రాసిందే అబద్ధం. మొహమాటానికి రాశాను. దాని మూలంగా మీరు మూడు పక్షుల్ని ఎత్తుకెళ్లారు, ఒకటి మీ బోనులోనే చచ్చింది. ఆ పాపంలో నాకూ భాగం ఉంది, మీకూ ఉంది. ఈ ఏడు మాత్రం పదకొండే. మీరు పిలిపించినా పదకొండే, వీళ్లు బెదిరించినా పదకొండే."

డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. తప్పుడు పత్రానికి శిక్ష తప్పదని, రెండేళ్లు ముద్ర వెనక్కి తీసుకోవాల్సి ఉంటుందని ఆఫీసరమ్మ చెప్పింది. ఆమె మాట పూర్తికాకముందే మేస్త్రీ జేబులోంచి ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు. వెంట తెచ్చుకున్నాడని అప్పటిదాకా కూతురికి కూడా తెలియదు.

పదకొండు పత్రాలతో గుంపును కదిలించే వీల్లేదని తేల్చారు. కార్లకు ముసుగు కప్పనివాళ్ల ఫిర్యాదులు ఇకమీదట తీసుకోబోమని కూడా నోటీసు అంటించారు. కాలనీ మొహం మాడ్చుకుని కార్లకు గుడ్డలు కప్పుకుంది. ఆ కార్లు మాత్రం మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. మేస్త్రీ ఆటోలకు, పాల వ్యాన్లకు, బడి బస్సులకు రంగులు వేశాడు. బస్సుల పైకప్పులెక్కి దిగీ దిగీ నడుం పట్టేసేది. భార్య కాపడం పెడుతూ సణిగేది. ఆయన మూలుగుతూ నవ్వేవాడు.

రెండేళ్లు నిండాక ముద్ర తిరిగి ఇచ్చేందుకు ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. "తెలియక తప్పుడు పత్రం ఇచ్చాను, చింతిస్తున్నాను" అని ముందే అచ్చువేసి ఉంది. సంతకం పెడితే అయిపోతుంది. మేస్త్రీ 'తెలియక' అన్న మాట కొట్టేసి, పైన 'తెలిసే' అని రాసి పంపాడు. ఫారంలో దిద్దుబాట్లు చెల్లవని తిప్పి పంపారు. మళ్లీ అలాగే దిద్ది పంపాడు. మళ్లీ తిరిగొచ్చింది. కూతురు నెత్తి బాదుకుంది. ఒక్క మాటే కదా నాన్నా, ఎవడు చదువుతాడు దాన్ని అంది. ఆయన ఎమరీ కాగితం నీళ్లలో ముంచుతూ, చదివినా చదవకపోయినా తాను మాత్రం తెలియక చేయలేదన్నాడు.

మూడోసారి ఫారం వచ్చేటప్పటికి ఆయన లేడు. వారసులు సంతకం పెడితే ముద్ర వాళ్ల పేరు మీదికి మారుస్తామని ఈసారి దయగా ఒక చీటీ కూడా జతచేశారు. కూతురు దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బయట బస్సువాడు ఎప్పటికవుతుందని అడుగుతున్నాడు. ఆమె 'తెలియక' కొట్టేసి, 'మా నాన్న తెలిసే ఇచ్చారు, తెలిసే ఒప్పుకున్నారు' అని ఖాళీ చాలక అంచు దాకా రాసి, కింద సంతకం పెట్టింది. కవరు అంటించి, స్ప్రే గన్ చేతిలోకి తీసుకుంది.