మోటార్ల మాణికప్ప కట్టిన గిటారు

కాలిన వార్నిష్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మొన్న మా బోరు మోటారు కాలినప్పుడూ వచ్చింది. ఆ కోపం మోటారు మీద కాదు. ఆ వాసన నన్ను నారాయణఖేడ్‌లో మాణికప్ప దుకాణానికి లాక్కుపోతుంది.

మాణికప్ప కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టేవాడు. ఎనభైల మొదట్లో ఒక పాత గిటారు సంపాదించి, అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టి, ఆ చుట్టను గిటారు తీగల కింద బిగించి రేడియోకు కలిపాడు. మొదటిసారి మీటితే పైన రేకులు అదిరాయి. "ఇగ మనం బ్యాండు పెడదం" అన్నాడు. డప్పుకు పక్కనున్న కల్హేర్ ఊరి సైలు, పాటకు నేను. నేనప్పుడే బడిలో తెలుగు పంతులుగా చేరాను.

మొదట్లో పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించాం. డప్పును ఎక్కడో పక్కన నిలబెట్టేవాళ్లం. ఏడాది తిరగకముందే మాణికప్పకు విసుగొచ్చింది. "ఎన్నొద్దులు పరాయోళ్ల గొంతుతోని పాడుతం? మనకు నోరు లేదా ఏంది?" అన్నాడు. సిర్గాపూర్ నుంచి హైదరాబాదుకు కూలికి పోయేవాళ్ల మీద మా మొదటి పాట కట్టాం. సైలు డప్పు గతుకుల బాటలో బస్సు నడకను పట్టింది. గిటారు దాని వెంట గరగరలాడుతూ పోయింది. మనూర్ సంతలో పాడితే బేరాలు ఆగిపోయాయి.

ఆ పాట విని హైదరాబాదు నుంచి ఒక క్యాసెట్ల వ్యాపారి మమ్మల్ని పిలిపించాడు. రెండు చరణాలు విని నవ్వాడు. "పాట బాగుంది. ఈ యాస తీసేసి శుభ్రమైన తెలుగులో పాడండి. ఆ డప్పు బయట పెట్టండి, తబలా మావాళ్లు వాయిస్తారు."

సైలు డప్పును ఒళ్లోకి తీసుకుని తల దించుకున్నాడు.

"మేం మురికిగ మాట్లాడుతున్నమా సార్?" అంటూ మాణికప్ప గిటారుకు తగిలించిన వైరు పీకేశాడు. సైలు భుజం మీద చెయ్యేసి, నా వైపు చూశాడు. "వస్తున్నవా?"

నేను కదల్లేదు. క్యాసెట్ మీద నా పేరు పడుతుందని ఆశ. 'పోతున్నం' అన్నదాన్ని 'వెళుతున్నాము' చేసి పాడాను. క్యాసెట్ వచ్చింది. నా గొంతుకు ఇంకెవరి పేరో పెట్టారు. మాతో కలిసి పాట కట్టిన మాణికప్ప పేరు ఊసే లేదు. ఎంత దౌర్జన్యం! మండిపడుతూ దుకాణానికి పోయి ఆ వ్యాపారిని తిట్టాను.

మాణికప్ప తీగ చుట్టడం ఆపలేదు. "నీ పేరు తీసేసిండ్రని కోపమా, సైలును బయట పెట్టుమన్నరని కోపమా? తేల్చుకొని రా."

నెల రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. చివరికి కల్హేర్ పోయి సైలు ముందు నిలబడ్డాను. తప్పయిందని మొదలుపెట్టేలోపే, "మాటలొద్దు పంతులూ, పాడు" అన్నాడు.

ఆ తర్వాత మా బ్యాండు చప్పుడే మారింది. డప్పు ముందుకొచ్చింది, గిటారు వెనక నడిచింది, నేను ఇంట్లో మాట్లాడినట్టే పాడాను. మళ్లీ ఏ క్యాసెట్లవాడూ మమ్మల్ని పిలవలేదు. తొంభైల్లో మాణికప్ప పోయాక ఆ బ్యాండూ పోయింది.

కోపం వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ముందు నన్ను నేనే నిలదీసుకుంటాను, ఇది ఎవరి కోసమని. చాలాసార్లు నా కోసమే అని తేలుతుంది. అప్పుడు సిగ్గుపడి ఊరుకుంటాను. పక్కవాడి కోసమని తేలిన రోజు మాత్రం, ఎంత పెద్దమనిషి ఎదురుగా ఉన్నా, నేను లేచి నిలబడతాను.